బొమ్మ ముందు పులిహోర

తెలుగు విద్యార్థులు విమానాలకు విమానాలు కెనడాలో దిగుతున్న రోజులవి. సార్నియాలో ఒక బేస్‌మెంట్లో మేం ముగ్గురమ్మాయిలం అద్దెకుండేవాళ్ళం. మాలో ఒకతె బొమ్మలు వేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడితే, వాళ్ళ అమ్మమ్మ చిన్నపిల్లగా అడవుల వెంట నడిచి ఇండియా చేరిందట. ఆ పిల్లను పెద్ద కాన్వాసు మీద వేసింది: చింపిరి జుట్టు, చెంపల మీద కన్నీళ్ళు. సోమవారం కాలేజీ ప్రదర్శనలో పెట్టాలి. అమ్మమ్మ చూసి సరేనంటేనే పెట్టాలన్న షరతు ఒకటుందని మాకు చెప్పలేదు.

ఆదివారం ఆ బొమ్మలమ్మాయి కాఫీషాపు షిఫ్టుకు వెళ్ళగానే మా రెండో అమ్మాయికి భక్తి పొంగింది. బొమ్మ నుదుట కుంకుమ పెట్టింది. డాలర్ స్టోర్ ప్లాస్టిక్ పూలదండ వేసింది. ముందు పులిహోర పళ్ళెం పెట్టి, "పెద్దలకు పెట్టందే మనం తినకూడదు" అంది.

నాకు ఆకలి, పైగా వాదన పిచ్చి. "రంగుకు కడుపుంటుందా?"

"నోర్ముయ్యవే నాస్తికురాలా. ఆవిడ పైనుంచి చూస్తూనే ఉంటుంది."

"రుజువేది?"

పోయినవాళ్ళు తింటారా తినరా అని తెగ వాదించుకున్నాం. ఆవిడ అసలు పోయిందా అని మాత్రం ఇద్దరం అడగలేదు. మన జాతి తీరే అంత. పెద్దలు బతికుండగా ఏం తిన్నారో అడగం, పోయాక విస్తరి వేస్తాం.

తలుపు తెరుచుకుంది. "అమ్మమ్మా, చూస్తున్నావా?" అంటూ మా చిత్రకారిణి వీడియో కాల్‌తోనే లోపలికొచ్చి, ఫోన్ బొమ్మవైపు తిప్పింది.

"ఓసినీ! నేనెప్పుడు పోయానే? నాకొక్క మాటన్నా చెప్పలేదేం?"

భక్తురాలు దండ లాగేసింది. చిత్రకారిణి ఫోన్ తనవైపు తిప్పుకుంది. "రేపు పెట్టనా, వద్దా?"

"దండ సరేలే. ఆ ఏడుపేంటే? నేనేడవలేదు. మా అమ్మ భుజాన ఉన్న అటుకుల మూట మీదే నా చూపంతా. మా అన్న ఒక గుప్పెడు ఎక్కువ తిన్నాడని వాడి చెయ్యి కొరికాను. ఆ మూట వెయ్యి, అప్పుడు పెట్టుకో. ముందా పులిహోర తినండి, చల్లారిపోతోంది."

ముగ్గురం ఒకే పళ్ళెంలో తిన్నాం. తర్వాత చిత్రకారిణి పసుపు వేళ్ళతోనే బ్రష్ పట్టి కన్నీళ్ళు చెరిపేసి, మూట వెయ్యడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఫోన్లోంచి కాపలా కాసింది.

"ఇంకొంచెం పెద్దది వెయ్యవే."

"ఉన్నంతే వెయ్యాలి కదండీ అమ్మమ్మగారూ?" అన్నాను.

"ఉన్నది చిన్నదేనమ్మా. అందరికీ చాల్లేదు. అందుకే పెద్దది వెయ్యమంటున్నా."