విచారణ బల్ల దగ్గరి మెట్లమ్మ

మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్లు విచారణ బల్ల దగ్గర ఆగి "బాగుంటుందాండీ?" అని అడిగితే ఆమె ఒకటే జవాబు చెప్పేది. "బాగుంటుందో లేదో మీరు చూసి తేల్చుకోవాలి. మెట్లు మాత్రం అరవై ఏడు." అడిగినవాళ్ల మొహం వాడిపోయినా ఆగేది కాదు. రెయిలింగు నలభై ఒకటో మెట్టు దాకానే ఉంది, ఆపైన గోడ పట్టుకుని ఎక్కాలి. మంచినీళ్లు కిందే తాగి వెళ్లండి, పైన కుళాయి ఉంది గానీ అందులో నీళ్లు రావు. ఆడవాళ్ల బాత్రూమూ కిందే, గడియారాల గది పక్కన, గొళ్లెం సరిగ్గా పడదు, తోడొచ్చినవాళ్లని తలుపు దగ్గర నిలబెట్టుకోండి. సోమవారం సెలవు. లిఫ్టు వస్తోంది. పదకొండేళ్లుగా వస్తూనే ఉంది.

వెనకాల అందరూ ఆమెని మెట్లమ్మ అనేవాళ్లు. మొహం మీద కూడా అనేవాళ్లే లెండి, ఆమె పట్టించుకుంటేగా. పద్దెనిమిదేళ్లుగా ఆ బల్ల వెనక కూర్చున్న మనిషి. తన కాళ్లతో నడిచి చూడని దాని గురించి నోరు విప్పేది కాదు. ఆరు నెలలకోసారి సెలవు రోజున సంచీ భుజాన వేసుకుని బస్టాండు నుంచి మ్యూజియం దాకా, అక్కణ్ణుంచి గడియార స్తంభం దాకా, మళ్లీ అక్కణ్ణుంచి చెరువు పార్కు దాకా నడిచి నిమిషాలు రాసుకునేది. బస్టాండులో బోర్డు మీద అయిదు నిమిషాల నడక అని ఉంటుంది. ఎవరు నడిచి రాశారో మహానుభావులు. చంటిపిల్లనెత్తుకున్న తల్లికి పన్నెండు పడుతుంది, ఆమె పన్నెండనే చెప్పేది. పెళ్లయిన కొత్తలో మొగుడు, ఆయన బస్సు డ్రైవరు, సరదాపడి సినిమాకి తీసుకెళ్తే బాల్కనీ మెట్లు లెక్కపెడుతూ మధ్యలో తప్పిపోయి, కిందికి దిగి మళ్లీ మొదలెట్టిందట. ఆ సినిమా కథేమిటో ఇద్దరికీ గుర్తు లేదు. బాల్కనీకి ముప్ఫై నాలుగు మెట్లని మాత్రం ఆయన ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ఆమెకి పదకొండేళ్లు, అక్కకి పదిహేనేళ్లున్నప్పుడు ఇద్దరూ కలిసి గడియార స్తంభం చూడబోయారు. అక్కకి పసితనంలో జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, చంకకర్ర మీద నడిచేది. నడక నెమ్మదే గానీ నోటికి అడ్డూ ఆపూ లేదు. టికెట్లిచ్చేవాణ్ణి ఎన్ని మెట్లని అడిగితే, ఎంతమ్మా, నాలుగడుగులు, ఇట్టే ఎక్కేస్తారు అన్నాడు. ఉన్నవి నూట పద్దెనిమిది. ఒక మనిషి పట్టేంత వెడల్పు, మధ్యలో ఆగడానికి జాగా లేదు. సగం దాకా ఎక్కి అక్క ఇక చేతకాక మెట్టు మీద కూలబడిపోయింది. వెనకొచ్చేవాళ్లు విసుక్కుంటూ ఆమె మీంచి దాటుకుంటూ పోయారు. ఒక పెద్దమనిషి దాటుతూ దాటుతూ ఆమె ఒళ్లో ఒక నాణెం పడేసి పోయాడు.

అక్క ఆ నాణెం వంక ఒక్క క్షణం చూసింది. తీసి విసిరికొడితే ఆయన వీపుకి తగిలి, టంగు టంగుమంటూ మెట్లన్నీ దిగి పోయింది. "ఏమండోయ్, మీ డబ్బు పడిపోయింది. వెళ్లి ఏరుకోండి" అంది అక్క. తర్వాత కూర్చునే ఒక్కో మెట్టూ కిందికి దిగింది. కర్ర పట్టుకుని వెనక దిగుతున్న చెల్లెలు ఏడుస్తూ ఆ మెట్లు లెక్కపెట్టింది, యాభై మూడు. ఆ రోజు నుంచి అక్క ఏ వింతా చూడ్డానికి ఎక్కడికీ వెళ్లలేదు. టికెట్టువాడి మీద చెల్లెలికి ఇప్పటికీ కోపం చల్లారలేదు. ఉన్న మాట చెప్పి ఉంటే ఏం పోయేది? నేను రాను, నువ్వెళ్లి చూసిరా అని అక్క కింద నీడలో కూర్చుని కథల పుస్తకం చదువుకునేది. వాడి నోటి ముత్యాలేం రాలిపోయేవి కావు కదా.

ఇప్పుడు అక్కకి యాభై ఏళ్లు. చెల్లెలింట్లోనే ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లని ముప్ఫై ఏళ్లుగా కత్తిరించి దాచింది, మూడు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. ఒకసారి ఒక నవల బైండింగు కొట్టుకిస్తే, ఆ ప్రబుద్ధుడు అంచులు కోస్తూ ప్రతి పేజీలోనూ ఆఖరి వరస ఎగరగొట్టేశాడు. కథలో ఎవరు ఎవర్ని చంపారో కూడా ఎగిరిపోయింది. అప్పట్నుంచి అక్కకి ఒకటే పట్టుదల, తన పుస్తకాలు తనే కుట్టుకోవాలని. మ్యూజియంలో ఏటా పది రోజుల బైండింగు కోర్సు పెడతారు. నేర్పేది ఒక ముసలి మాస్టారు, చేయి తిరిగిన మనిషి. నేర్పే చోటు మాత్రం మూడో అంతస్తు.

అలాంటి రోజుల్లో కొత్త ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, అందర్నీ మీరనే పిలుస్తాడు. వచ్చేవాళ్ల సంఖ్య రెట్టింపు చేస్తానని పైవాళ్లకి మాటిచ్చి వచ్చాడు. వారం తిరక్కుండా కొత్త కరపత్రం రాసి ఆమె బల్ల మీద పెట్టాడు. మ్యూజియం, స్తంభం, కోర్సులు, అన్నీ ఒకే కాగితంలో. 'అన్ని వయసులవారూ, అందరూ సునాయాసంగా చూసి ఆనందించవచ్చు' అని ఉంది. మెట్ల లెక్క తీసేశాడు. అడుగున 'వివరాలు సరిచూడబడినవి' అన్నచోట ఎప్పట్లాగే ఆమె సంతకం చెయ్యాలి.

ఆమె చెయ్యనంది. ఆయన నవ్వి, జనం భయపడతారండీ, బట్టల కొట్టువాడు ఉతికితే రంగు పోతుందని బోర్డు పెట్టుకుంటాడా అన్నాడు.

"పెట్టుకోడు సార్. అందుకే ఆ కొట్టుకి రెండోసారి ఎవరూ పోరు."

ఆయన కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. పది రోజుల తర్వాత ప్రెస్సు నుంచి అయిదు వేల కరపత్రాలు వచ్చాయి. ఒకటి తీసి చూసేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది. అడుగున ఆమె సంతకం ఉంది. పాత కరపత్రం మీది సంతకాన్ని ఎత్తి దీని మీద అతికించారు. పద్దెనిమిదేళ్లు తను కాళ్లరిగేలా తిరిగి నిలబెట్టుకున్న మాట, ఇప్పుడు ఆ టికెట్టువాడి మాటతో సమానమైపోయింది. గదిలోకి వెళ్లి అడిగితే, పొరపాటున జరిగిందండీ, ప్రెస్సువాళ్లు పాతదే వాడేశారు, ఈసారికి పోనివ్వండి అన్నాడు.

ఆమె పోనివ్వలేదు. బల్ల దగ్గర కూర్చుని ఎర్రసిరా పెన్ను తీసి ఒక్కో కరపత్రం మీదా 'మెట్లు 67, రెయిలింగు 41 వరకే, స్తంభానికి 118' అని రాసి, సంతకాన్ని అడ్డంగా కొట్టేసి పంచడం మొదలెట్టింది. నాలుగు రోజుల్లో మూడు వందలు రాసింది. మణికట్టు వాచింది. ఇంట్లో మొగుడు కొబ్బరినూనె రాస్తూ, అయిదు వేలూ రాసేసరికి నీకు పెన్షనొస్తుందే అన్నాడు. అయిదో రోజు ఎర్రసిరా కాగితం ఒకటి ఆఫీసరు కంటపడింది. సాయంత్రానికి మెమో వచ్చింది. ఒకటో తారీకు నుంచి ఆమె విచారణ బల్ల ఖాళీ చేసి, కింద సామాన్ల గదిలో పగిలిన కుండలకి నంబర్లు వెయ్యాలి. అప్పటిదాకా కరపత్రాల మీద ఏమీ రాయకూడదు.

ఇంతలో గేటు దగ్గర వాచ్‌మన్ నోరు జారాడు. ఆమెకి కాలు బాగాలేని ఒక అక్క ఉందనీ, ఆవిడకి బైండింగు కోర్సంటే ప్రాణమనీ ఆఫీసరుకి చెప్పేశాడు. మర్నాడే ఆయన ఆమెని పిలిచి కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు.

"మీ అక్కగార్ని తీసుకురండి. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మనుషులు పది రోజులూ పైకి మోసుకెళ్తారు. మొదటి రోజు ఒక ఫొటో తీయిస్తా, తర్వాతి కరపత్రం మీద వేద్దాం. అప్పుడు మనం రాసింది నిజమే అవుతుందిగా. మీ మెమో కూడా చింపేస్తా."

నిజం చెప్పాలంటే ఆమె మెత్తబడింది. మెమో కోసం కాదు. ఆ మూడు ట్రంకు పెట్టెలు కళ్ల ముందు కదిలాయి. ఇంటికెళ్లి అక్క మొహం చూడకుండా, గడప మీద కూర్చుని గోడతో చెప్పినట్టు చెప్పింది. అక్క మిషను ఆపలేదు. కుడుతున్న చొక్కా చెయ్యి అయ్యేదాకా కుట్టి, దారం కొరికి అప్పుడడిగింది. సరే, మోస్తారు. మధ్యలో నేను బాత్రూముకి వెళ్లాలంటే మళ్లీ ఆ నలుగుర్నీ కేకెయ్యాలా? వాళ్లు టీ తాగడానికి పోతే వచ్చేదాకా బిగబట్టుకోవాలా? ఊరందరికీ బాత్రూము దారి చెప్పే మనిషి, అక్క విషయంలో ఆ మాటే తట్టనందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

"పోనీలే అక్కా, వద్దని చెప్పేస్తా."

"వద్దని నేనెప్పుడన్నానే? రేపు పొద్దున్నే ఆటో పిలు."

మర్నాడు కోర్సు మొదలు. కింద హాల్లో విచారణ బల్ల ఎదురుగా ఎర్రగుడ్డ పరిచిన కుర్చీ వేశారు. నలుగురు మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు వచ్చాడు. నేర్చుకోడానికి వచ్చిన తొమ్మిది మందీ, మాస్టారూ వింత చూడ్డానికి పైనుంచి దిగొచ్చారు. అక్క ఆటో దిగి, చంకకర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఆ కుర్చీని పైనుంచి కిందిదాకా చూసింది. ఆఫీసరు నమస్కారం పెట్టి కూర్చోమన్నాడు.

"నలుగురు మోస్తే వెళ్లేది ఒక్క చోటికే బాబూ" అంది అక్క. "నాకు దానికింకా టైముంది."

వాచ్‌మన్ నవ్వాపుకోలేక గేటు వైపు తిరిగాడు. నలుగురు మనుషులూ కుర్చీ దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశారు. ఆఫీసరు మొహం కందగడ్డయింది. ఆయన ఏదో అనేలోపే అక్క ఆ నలుగురి వైపు తిరిగి, కండ పుష్టిగానే ఉన్నారు నాయనా, పైకి వెళ్లి ఆ బైండింగు బల్లా, పుస్తకాలు బిగించే ప్రెస్సూ ఇక్కడికి దించండి అంది. తను డెబ్భై కేజీలుందట. బల్ల అంత బరువుండదట. పైగా తనని పది రోజులూ మొయ్యాలి, ఎక్కించాలి, దించాలి, దాన్నైతే ఒక్కసారి దించితే సరిపోతుందట.

ఆఫీసరు గొంతు సవరించుకుని, కోర్సు హాలు పైనుందండీ, రూలు ప్రకారం అక్కడే జరగాలి అన్నాడు.

"హాలు పుస్తకం కుడుతుందా బాబూ?"

మాస్టారు తన మోకాళ్లు రెండూ తడుముకున్నాడు. అరవై దాటిన మనిషి, తొమ్మిదేళ్లుగా కోర్సు జరిగినన్నాళ్లూ రోజుకి రెండుసార్లు ఆ మెట్లన్నీ ఎక్కి దిగుతూ ఎప్పుడూ కిమ్మనలేదు. ఇప్పుడు ఆఫీసరు వైపైనా చూడకుండా, ముందు ప్రెస్సు దించండయ్యా, హ్యాండిలు వదులుగా ఉంది, పట్టుకుంటే ఊడొస్తుంది, కింద పట్టుకోండి అని చెబుతూ నలుగురి వెనకా నడిచాడు. అరగంటలో బల్ల, ప్రెస్సు, జిగురు డబ్బాలు, దబ్బనాలు, దారపు ఉండలు అన్నీ కింద హాల్లోకి దిగిపోయాయి. నేర్చుకునేవాళ్లు తలో చెయ్యీ వేసి స్టూళ్లు తెచ్చుకున్నారు. అక్క కిటికీ వెలుతురు పడేవైపు చూసుకుని కూర్చుంది. ఫొటోగ్రాఫరుకి ఎవర్ని తియ్యాలో తెలియక, కెమెరా మెళ్లో వేసుకుని బిక్కమొహం పెట్టుకు నిలబడ్డాడు.

మాస్టారు చేతులు దులుపుకుని, మొదటి రోజు కుట్టు ఉండదు, కాగితం తిన్నగా మడవడం రావాలి, మడత వంకర పోతే పుస్తకం మొత్తం వంకరే అన్నాడు. తీరా చూస్తే మడవడానికి కాగితాల కట్ట పైనే ఉండిపోయింది. ఎవర్ని పంపుదామా అని ఆయన చుట్టూ చూశాడు.

మెట్లమ్మ లేచింది. తన విచారణ బల్ల కిందికి వంగి, ఇంకా ఎర్రసిరాతో దిద్దని కరపత్రాల కట్ట ఒకటి లాగింది. పురికొస తెంపింది. ఒకవైపే అచ్చయిన దళసరి కాగితం, మడత నేర్చుకోడానికి దివ్యంగా ఉంది. కట్ట చంకనెత్తుకుని వచ్చి, మొదట అక్క ముందు ఓ ఇరవై పెట్టి, పక్కావిడకి ఇరవై, ఆ పక్కాయనకి ఇరవై పెడుతూ పోయింది. కొందరు అప్పుడే మడతలు మొదలెట్టేశారు.

ఆఫీసరు గబగబా ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, మెమో సంగతి మర్చిపోయారా అన్నాడు. మర్చిపోలేదు సార్, ఒకటో తారీకు దాకా ఆ బల్ల నాదే అంది.

"అవి జనానికి పంచాల్సిన కాగితాలండీ."

"పంచుతున్నానుగా సార్" అని ఆమె, ఆయన కళ్లలోకి చూస్తూనే, తర్వాతి మనిషి ముందు ఇంకో ఇరవై పెట్టింది.