బోర్లా పెట్టిన ఫోన్లు

ఢిల్లీ వచ్చాక రెండుసార్లు ఫోను పోగొట్టుకున్నవాణ్ణి, మెట్రోలో ఎవర్నీ నమ్మను. మొన్న వైశాలి స్టేషన్లో రైలెక్కి నా పక్కన కూర్చున్నతను సంచీ తెరిస్తే, నిండా ఫోన్లే. ప్రతిదాని వెనకా తెల్ల ప్లాస్టరు, దాని మీద ఒక పేరు, కొన్ని అంకెలు. దొంగ సరుకే అనుకుని నా బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నాను.

"భయ్యా, కాసేపు హాట్‌స్పాట్ ఇస్తారా?" అన్నాడు హిందీలో.

"ఇన్ని ఫోన్లు ఎవరివి?"

"మా వీధివాళ్ళవి. కొండల్లో మా ఊరు. గొడవలని దారులు మూసేశారు, నెట్ ఆపేశారు. ఎవరికైనా ఊరు దాటే అనుమతి దొరికితే, అందరి ఫోన్లూ పట్టుకెళ్ళి మెసేజీలు దించుకొచ్చి ఇస్తాం. నేను ఆస్పత్రి పనిమీద వచ్చాను. మా ప్రీపెయిడ్ సిమ్ములు రాష్ట్రం దాటితే పనిచేయవు."

కథ బాగానే అల్లాడు. "అయితే ఒకటి తెరిచి చూపించండి" అన్నాను.

"లాక్ నంబరు ఇచ్చింది మెసేజీలు దించడానికి భయ్యా, చదవడానికి కాదు."

అనుమానంతోనే హాట్‌స్పాట్ ఇచ్చాను. ఒక్కో ఫోనూ కలిపి, ఒళ్ళో సంచీ మీద బోర్లా పెట్టి, తల పక్కకి తిప్పేసుకున్నాడు. అన్నీ గుయ్యిమనడం మొదలెట్టాయి. ఒకటైతే ఎంతకీ ఆగలేదు.

నిజమో కాదో తేల్చుకుందామని, దాని అంచు పట్టుకుని కాస్త పైకెత్తాను.

అతను నా చెయ్యి తోసేశాడు. ఫోన్లన్నీ లోపల వేసి, సంచీని నాకు అందకుండా అటుపక్కకి లాక్కున్నాడు. నేను దిగే లక్ష్మీ నగర్ స్టేషన్ దాకా ఆ సంచీ నా నెట్‌తోనే మోగుతూ ఉంది. అతను మాత్రం దాని మీంచి చెయ్యి తియ్యలేదు.