పసుపు మెత్తిన పళ్ళు

మా నాన్న పిడుగురాళ్ళ వైపు క్వారీల్లో ఉలి పట్టి రాయి కొట్టినవాడు. ఎడమ మణికట్టు బిగుసుకుపోయి ఆయన పని మానేశాక, నేను సున్నపురాయి గనిలో రాయి తవ్వే మిషన్ ఎక్కాను. ఆ మిషన్ అంటే ఆయనకు చిన్నచూపు.

“అది రాయి కొట్టటం ఏందిరా? పిండి ఆడించటం,” అనేవాడు.

నాదీ రాతిపనేనని ఆయన నోటి వెంట వినాలని నాకు చచ్చేంత కోరిక.

మిషన్ కింద పెద్ద డ్రమ్ము, దాని ఒంటి నిండా ఇనప పళ్ళు. పన్ను రాయిని కోయదు. కొన నొక్కిన చోట రాయి కాస్త నలుగుతుంది, అక్కణ్ణుంచి పగుళ్ళు పక్కలకు పాకి పెచ్చు ఎగిరిపడుతుంది. తాకినప్పుడల్లా పన్ను తన గూట్లో కొంచెం తిరగాలి. అప్పుడే అన్నివైపులా సమంగా అరిగి వాడిగా ఉంటుంది.

ఆయుధపూజ నాడు గనిలో పని ఉండదు, ఇంటివాళ్ళను రానిస్తారు. పోయినేడు నాన్న వచ్చాడు. నన్ను పక్కకు నెట్టి తనే పళ్ళకు మొదళ్ళ దాకా పసుపు మెత్తాడు, పైన బెల్లం పానకం చల్లాడు. తన ఉలికీ అట్లాగే చేసేవాడు. ముచ్చటేసి ఊరుకున్నాను.

మర్నాడు సగం పళ్ళు తిరగలేదు. పసుపూ పానకం రాతిదుమ్ముతో కలిసి గూళ్ళలో గట్టిపడ్డాయి. చూసుకునేలోపే కొన్ని ఒకవైపే అరిగి మొండివయ్యాయి. పొద్దంతా సుత్తితో తట్టి వదులు చేస్తూ సూపర్‌వైజర్ చేత తిట్లు తిన్నాను. ఆ కోపమంతా ఇంటికొచ్చి నాన్న మీద చూపించాను.

“తిరగాలా అది?” అన్నాడు ఆశ్చర్యంగా.

“తిరక్కపోతే ఒకపక్కే అరిగిపోద్ది నాన్నా.”

ఆయన బిగుసుకున్న తన మణికట్టును పట్టుకు చూసుకున్నాడు.

“మాదీ అంతేరా. బెజ్జం కొట్టేటప్పుడు దెబ్బదెబ్బకీ ఉలి తిప్పాల. తిప్పీ తిప్పీ ఈ చెయ్యి ఇట్టయింది.”

నా కోపం చల్లారిపోయింది. బాధ మాత్రం మిగిలింది.

ఈ దసరాకు మళ్ళీ వచ్చాడు. పసుపు గిన్నె ముట్టలేదు. ఉంగరం వేలితో కొన మీద చిన్న కుంకుమ బొట్టు పెడుతూ, ఒక్కో పన్నునూ కుడిచేత్తో తిప్పి చూశాడు. ఒకటి బిగిసింది. నా చేతిలోని సుత్తి లాక్కుని మెల్లగా తట్టి, మళ్ళీ తిప్పాడు. కదిలింది.

“ఇంక తిరుగుద్దిలే. రేపు రాయి బాగా కొట్టుకోరా,” అన్నాడు.

ఈసారి పిండి ఆడించటం అనలేదు.