పోస్టు డబ్బాలో పడని అభిప్రాయం

మా డ్రైవరు ఐలన్న కారులో తప్ప ఇంకెక్కడా కూర్చోగా నేను చూడలేదు. దిగితే చాలు, కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. అన్నం కూడా మా మిల్లు గోడకు ఆనుకొని నిలబడే తినేవాడు. హాలియా దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు. మంద వెంట నడిచీ నడిచీ కాళ్ళకు అదే అలవాటైందని నవ్వేవాడు. డ్రైవింగు నేర్చుకుంటానంటే వాళ్ళ నాయన మంగయ్య ఒక్కటే మాట అన్నాడట: "పోతే పో. మళ్ళొస్తె నీకు మంద లేదు." అన్నట్టే అతని వాటా గొర్రెలు తమ్ముడికి పోయాయి. గొంగడి ఒక్కటి మాత్రం తెచ్చుకొని మా కారు డిక్కీలో దాచుకున్నాడు. మా కొలువు పోతే అతనికి తిరిగి వెళ్ళడానికి చోటు లేదు.

ఇది డెబ్బై రెండు నాటి సంగతి. మిర్యాలగూడలో మాది బియ్యం మిల్లు. ఆ ఏడు ఒక వారపత్రికలో ఎక్కడో దూరదేశపు కార్ల కంపెనీ పెద్ద మేనేజరు జీవితకథ వారం వారం వచ్చేది. మా ఆయన రామ్మూర్తి దానికి దాసుడైపోయాడు. పత్రిక వచ్చిందంటే అరుగు మీద కూర్చొని గొంతెత్తి చదివేవాడు. ఐలన్న స్తంభం చుట్టూ తిరుగుతూ వినేవాడు. "అన్నం పెట్టిన కంపెనీని నిలబెట్టిండు, మనిషంటె గట్లుండాలె," అనేవాడు మా గుమస్తా వీరేశం. ఇంత కథలో భార్య ఊసే లేదు, ఆ మహానుభావుడికి అన్నం ఎవరు వండి పెట్టారో అని నా గొడవ. ఐలన్న మాత్రం, "ఆయనకు కారు నడుప వస్తదా అమ్మా?" అని అడిగేవాడు.

ఒక వారం కథలో ఆ మేనేజరు ఆలస్యంగా వచ్చినవాళ్ళందరినీ ఒక్క పూటలో కొలువులోంచి తీసేశాడు. ఆ భాగం మా ఆయన రెండుసార్లు చదివాడు. ఆనాటి నుంచి ఐలన్నకు నిద్ర లేదు. తెల్లవారకముందే వచ్చి, కడిగిన కారునే మళ్ళీ కడిగేవాడు. "సేటు సదువుకుంట నా దిక్కే సూసిండా అమ్మా?" అంటే, లేదన్నాను. చూశాడనే నా అనుమానం.

మరుసటి వారం కోదాడ బయలుదేరాం. కోస్తా వ్యాపారి ఒకాయన వడ్ల బేరానికి వస్తానన్నాడు. అక్కను చూసి రావచ్చని నేనూ వెనక సీట్లో ఎక్కాను. హుజూర్‌నగర్ దాటాక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఐలన్న ఇంజను ఆపేశాడు.

"హారన్ కొట్టు," అన్నాడు మా ఆయన.

"మందను చీల్చొద్దు సేటూ. తల్లులొక దిక్కు, పిల్లలొక దిక్కు అయితయి. ఆఖరు గొర్రె దాటినంక పోదం."

"నువ్వు గొర్లు కాసెటోనివా, నా డ్రైవర్‌వా?"

ఐలన్న హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. ఆఖరు గొర్రె దాటాకే బండి కదిలించాడు. మేం చేరేసరికి బేరం ఇంకొకరితో ఖాయమైపోయింది. "ఎంతసేపని చూస్తామండీ," అన్నాడు ఆ వ్యాపారి.

అటునుంచి అటే ఇంటికి తిరిగొచ్చాం. ఇంటి ముందు దిగుతూనే మా ఆయన ఐలన్నతో, "రేపటిసంది రావొద్దు," అన్నాడు. నేను అడ్డం పడితే, "టైం తెలువనోనితోని కంపెనీ నడవది," అని ఆ కథలోని మాటే నాకు అప్పజెప్పాడు.

అరుగు మీద కొత్త పత్రిక వచ్చి ఉంది. కాళ్ళు కడుక్కొని ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఈసారి గొంతెత్తలేదు. చదువుతూ చదువుతూ కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఒక్క పొరపాటు పట్టుకొని కంపెనీ యజమాని ఆ మేనేజరునే వెళ్ళగొట్టాడట. చివర పాఠకుల అభిప్రాయాలు రాయమని ఉంది. మా ఆయన అప్పటికప్పుడు పోస్టుకార్డు తీసి రాశాడు. ఇంతలో ఐలన్న కారు తుడిచి, గొంగడి భుజాన వేసుకొని, తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు. మా ఆయన తాళంచెవి తీసుకొని, కార్డు అతని చేతిలో పెట్టాడు.

"పొయ్యేటప్పుడు డబ్బాల ఎయ్యి," అన్నాడు.

చెప్పేవి శ్రీరంగనీతులు అంటారు, తక్కిన సామెత నా నోట రాకూడదు. ఒళ్ళు మండి, ఐలన్న చేతిలోంచి కార్డు లాక్కొని పైకి చదివాను. "ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేసిన మనిషిని ఒక్క తప్పుకు గెంటేసిన ఆ యజమానికి కళ్ళు లేవు. చదువుతుంటే నా గుండె తరుక్కుపోయింది. ఇట్లు, రామ్మూర్తి, మిర్యాలగూడ."

మా ఆయన తల వంచుకున్నాడు. ఐలన్నకు మాత్రం ఆ మాటల్లో తన సంగతి తట్టనే లేదు. అతని మనసంతా ఆ దూరదేశపు మనిషి మీదే ఉంది.

"పాపం, గాయిన ఇగ యాడికి పోతడమ్మా? మళ్ళ ఎవరన్న కొలువిచ్చిండ్రా?"

నేను మా ఆయననే చూస్తూ నిలబడ్డాను. ఆయన చెయ్యి చాపి, నా దగ్గరి కార్డు తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవి ఐలన్న ముందుకు జరిపాడు.

"ఇచ్చిండ్రు," అన్నాడు. "పొద్దున సూర్యాపేట పోవాలె. జల్ది రా."

ఐలన్న తాళంచెవి అందుకొని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. మా ఇంట్లో అతను కూర్చోవడం అదే మొదలు.