సీతాఫల్‌మండిలో నాలుగు ఇళ్లు

నిన్న బస్సులో పక్క సీటావిడ చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకోగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంది. దిగవలసిన స్టాపు దాటిపోయినా నేను కదల్లేదు. ఎండలో తిరిగేటప్పుడు తలనొప్పి రాకుండా ఎస్తేరు మేడమ్ తన రుమాలు కొసకు రెండు చుక్కలు అద్దుకునేవారు. ఆమె పోయి ఆరేళ్లయింది.

అమెరికాలో బ్యాంకులు మునిగాయని పేపర్లో చదివిన కొద్ది నెలలకే ఇక్కడ నా ఉద్యోగం పోయింది. అక్కడి డాక్టర్లు మాట్లాడిన రికార్డులు విని టైపు చేసే ఆఫీసు మాది. ఒక శుక్రవారం సాయంత్రం మా వరుసలోని వాళ్లందరి దగ్గరా గుర్తింపు కార్డులు తీసేసుకున్నారు. ఏడాది ఖాళీగా కూర్చున్నాక, ఆ దెబ్బ తర్వాత జనం ఏ పనుల్లో ఉన్నారో ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చే సర్వేలో తాత్కాలికంగా చేరాను. చల్లని గదిలో కూర్చుని పనిచేసినదాన్ని, అట్టకు ఫారాలు బిగించుకుని గల్లీలు తిరగడం నామోషీగా ఉండేది. పాత ఆఫీసు వాళ్లెవరైనా ఎదురవుతారేమోనని తలవంచుకుని నడిచేదాన్ని.

మా జట్టుకు పెద్ద ఎస్తేరు మేడమ్. తెనాలి దగ్గర పుట్టి, పెళ్లయ్యాక చిలకలగూడ వచ్చి, చాలా ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, తర్వాత ఈ సర్వేల్లోకి వచ్చిన మనిషి. మొదటి రోజు నన్ను వెంటబెట్టుకుని నాలుగు వీధులు తిప్పారు. ఏ గడపలో మంచినీళ్లిచ్చినా కూర్చుని తాగారు. ఫారంలో ‘పని చేస్తున్నారా?’ అని ఉన్నా ఆమె అలా అడిగేవారు కాదు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పమనేవారు. ఎందుకని అడిగితే, “పని అంటే జీతమే అనుకుంటారమ్మా. జీతం లేని వాళ్లు నోరు మూసుకుంటారు,” అన్నారు.

నేనది విన్నానే గానీ నేర్చుకోలేదు. రెండో వారం ఒక మధ్యాహ్నం సీతాఫల్‌మండిలో నాలుగు ఇళ్లు మిగిలాయి. రెండింటికి తాళాలున్నాయి, మూడో ఇంట్లో విసుక్కున్నారు, నాలుగో తలుపు నేను కొట్టనే లేదు. బస్టాపు నీడలో కూర్చుని నాలుగు ఫారాలూ నా బుర్రతోనే నింపేశాను. మగవాళ్లకు ఉద్యోగం, ఆడవాళ్లకు ఇంటిపని, అందరికీ ‘మార్పు లేదు’.

మర్నాడు ఉదయం మేడమ్ ఆ ఫారాలు చదివి కళ్లద్దాలు తీశారు. ఈ ఏడాదిలో ఒకే వీధిలో నాలుగిళ్లలోనూ మార్పు లేదంటే ఆ వీధి చూడాలనుంది, పద అన్నారు. అంతే. ఆమె వెనకే నడుస్తూ, నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననుకున్నాను.

నేను తలుపు కొట్టని ఆ ఇల్లు యాదగిరి అనే అతనిది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు క్యాబ్ నడిపేవాడు. భార్య పేరు లక్ష్మి. క్యాబ్ నడుస్తోందని చెప్పాడు. ఆమె సంగతి అడిగితే, “ఏం చేయదు మేడమ్, ఇంట్లనే ఉంటది,” అన్నాడు. మేడమ్ తల ఊపి లక్ష్మి వైపు తిరిగి, నిన్న ఎన్నింటికి లేచావమ్మా అని అడిగారు. ఆమె భర్త ముఖం చూస్తూ, ఆగి ఆగి చెప్పింది. నాలుగింటికి లేచి ముగ్గురు పిల్లల్నీ బడికి తయారు చేసి, దుకాణం వాళ్లిచ్చిన చీరలకు ఫాల్స్ కుట్టి, మధ్యాహ్నం రెండిళ్లలో వంట చేసి, రాత్రి మళ్లీ కుట్టు. మేడమ్ కలం ఆపి ఎదురుచూశారు. యాదగిరి గోడ వైపు చూస్తూ గొంతు తగ్గించి అన్నాడు:

“రాయుండ్రి మేడమ్. నా బండి బందై ఎనిమిది నెలలాయె. ఆమె చేతుల మీదనే ఇల్లు నడుస్తుంది.”

లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బహుశా ఆ మాట అతని నోట వినడం ఆమెకదే మొదటిసారి. మేడమ్ అతనికి ఓదార్పు చెప్పలేదు, అతన్ని తప్పు పట్టలేదు. అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఫారం నా చేతికిచ్చి, “ఇప్పుడు సంతకం పెట్టు,” అన్నారు.

మిగతా ఇళ్లలోనూ నేను రాసిందేదీ నిజం కాదు. ఆ తర్వాత మేడమ్, మా జట్టు రాసిన ఫారాలన్నీ మళ్లీ సరిచూడాలన్నారు. గడువు వారం దాటింది. మేనేజరు అందరి ముందూ ఆలస్యం ఎవరివల్ల అని నిలదీశాడు. మేడమ్ లేచి, మళ్లీ వెళ్లమన్నది తానేనని, బాధ్యత తనదేనని చెప్పి కూర్చున్నారు. నేను నోరు విప్పలేదు.

తర్వాతి విడత సర్వేకు నన్ను పిలిచారు. ఆమెను పిలవలేదు.

ఆ ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చే వేళకు చిలకలగూడలో ఇంటి ముందు నిలబడ్డాను. తప్పు నాదని మేనేజరుకు చెప్పేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

“చెబితే నీ పనీ పోద్ది, నాది తిరిగి రాదు. పదిమందిని పంపితే నిజం రాసుకొచ్చేది ఒకళ్లో ఇద్దరో ఉంటారమ్మా. నువ్వా లెక్కలో ఉండు.”

అన్నం పెట్టారు. వెళ్తాననేసరికి గేటు దాకా వచ్చారు. తర్వాత చాలా ఏళ్లు ఇంట్లోనే పిల్లలకు లెక్కలు చెబుతూ గడిపారు. ఆ ఉద్యోగం గురించి ఒక్కసారీ వగచగా నేను వినలేదు. సర్వే నివేదికలో మగవాళ్ల పనులు పోయిన ఇళ్లలో ఆడవాళ్ల పని ఎలా పెరిగిందో ఒక పేజీ వచ్చింది. దాని కింద ఆమె పేరు లేదు.

ఇప్పుడు సర్వేలకు వెళ్లే కొత్తవాళ్లకు నేనే శిక్షణ ఇస్తున్నాను. తొలిరోజు నా పేరు చెప్పగానే, బస్టాపులో కూర్చుని నేను చేసిన పని చెబుతాను. ఆ తప్పును తన మీద వేసుకున్నావిడ ఎవరో, ఇంటిపేరుతో సహా చెబుతాను. ఆ రోజు మేనేజరు ముందు చెప్పవలసిన మాట అది.