మరవ మీద మూరెడు గోడ

పోయిన వారం ధర్మవరం నుంచి హిందూపురం పోయే బస్సులో నా పక్కన ఒక కుర్ర ఇంజనీరు కూర్చున్నాడు. పెనుకొండ దాటేదాకా ఫోన్లో వీడియోలు చూపిస్తూనే ఉన్నాడు. ఈజిప్టు పిరమిడ్లు, చైనా గోడ, రోమన్లు నీళ్లు నడిపించిన రాతి కమానులు. రిటైరైన టీచరమ్మ కనబడితే పాఠం చెప్పాలని అందరికీ ఎందుకు అనిపిస్తుందో తెలియదు. ఓపికగానే చూశాను. అన్నిట్లోనూ ఎంత ఎత్తు, ఎంత పొడవు అనే మాటే. ఎక్కడ ఆపాలో తెలిసి ఆపిన పని ఒక్కటీ లేదు. అలాంటిది మా ఊళ్లో ఉందని చెప్పబోయి నోరు మూసుకున్నాను. అది చెబితే మా మేనత్త సంగతి చెప్పాలి. ఆమె సంగతి చెబితే మా నాయన సంగతీ, నా సంగతీ చెప్పాల్సి వస్తుంది.

మాది పెనుకొండకు కాస్త ఎడంగా, గుట్టల నడుమ చెరువు కింద ఊరు. చెరువు రాయల కాలం నాటిదంటారు. రెండు గుట్టలను కలుపుతూ మట్టికట్ట, లోపలి వైపు పెద్ద పెద్ద రాళ్ల పేర్పు, ఒక కొసన మరవ. మరవంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన పొట్టి రాతిగోడ, అంతే. చూసి ఫొటో తీసుకునేవాడు ఉండడు. కానీ కట్టినవాళ్ల విద్యంతా ఆ గోడ ఎత్తులోనే ఉంది. కొంచెం తగ్గితే కింద మా మళ్లకు నీళ్లు చాలవు. కొంచెం పెరిగితే పైనున్న చేలు మునుగుతాయి, కట్ట మీద బరువు పడుతుంది. మా నాయన ఆ చెరువుకు నీరుగంటి. తూము తెరిచి ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే పని, తాతల నుంచి వచ్చింది. ఇంట్లో ఆయన మాట మా అమ్మ కూడా లెక్కచేసేది కాదు గానీ, కట్ట మీద ఆయన వేలు చూపిన వైపు పెద్ద రైతులు సైతం నడిచేవాళ్లు. ఆ మర్యాదంటే ఆయనకు ప్రాణం. ఆయన అక్కను చెరువుకు ఎగువన, గోరంట్ల వైపు ఊరికి ఇచ్చారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చెరువు ఎగువ అంచునే ఆమె శెనక్కాయ చేను.

నేను హిందూపురంలో డిగ్రీ చదివే ఏడు, మా ఊరివాళ్లకు రెండో పంట మీద ఆశ పుట్టింది. మరవ మీద మూరెడు ఎత్తు రాళ్లు పేర్చి సిమెంటు పెట్టారు. నాయన మొదట వద్దన్నాడట, తర్వాత తనే దగ్గరుండి కట్టించాడు. నేను దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి ఆ వానలకు చెరువు నిండి, అత్త చేలో మోకాటిలోతు నీళ్లు నిలిచాయి. ఆమె మోకాళ్ల దాకా బురదతో వచ్చి మా వాకిట్లో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మొదట ఆ మరవ రాయి ఆడ పెట్టినోడు నీకన్నా తెలివైనోడు. వాన్ని మించి పెంచితే ఆ నీళ్లు ఎవరి నెత్తినో కూర్చుంటాయి. నా చేను మునుగుతాండాది, రేపు కట్ట పోతాది. తీయించు."

"ఊరంతా కట్టమన్యారు. నేనొక్కన్ని యాడ తీసేది? నువ్వు ఈ ఊరి ఆడబిడ్డవేనా?" అన్నాడు నాయన.

తర్వాత మూడు రోజులు ముసురు వదల్లేదు. నాలుగో పొద్దున నాయనకు సంగటి తీసుకుని కట్ట మీదికి పోయాను. ఆయన కట్ట వెనక దిగువన గొంతుక్కూర్చుని, ఒకచోట ఊరుతున్న నీళ్లను దోసిట్లో పట్టి చూస్తున్నాడు. ఊట తేటగా ఉంటే భయం లేదు, మట్టి కలిసి వస్తే కట్ట లోపల కరుగుతున్నట్టే. చిన్నప్పుడు నాకు ఆయనే నేర్పిన సంగతి. దోసిట్లోవి ఎర్రటి బురదనీళ్లు. నన్ను చూసి చప్పున పారబోశాడు. ఎవరితో అనొద్దని, పెద్దోళ్లతో తనే మాట్లాడతానని చెప్పి ఊళ్లోకి పోయాడు. మాట్లాడాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన అటు పోగానే మరవ దగ్గర అత్త కనబడింది, చేతిలో గడ్డపార. మొదటి రాయి ఊడదీసేదాకే ఆమె పని, మిగిలినవి నీళ్లే తోసుకుపోయాయి. ఆ హోరుకు ఊరు పరుగెత్తుకొచ్చింది. నోటికొచ్చిన బూతులు తిట్టారు. ఒకాయన జుట్టు పట్టి ఈడ్చితే ఆమె రాళ్ల మీద పడింది, నొసలు చిట్లింది. అప్పుడొచ్చాడు నాయన. అందరూ ఆయన ముఖంలోకి చూశారు. కట్ట వెనక బురదనీళ్లు ఊరుతున్నాయి అన్న ఒక్క మాట చాలు. ఆయన నోట ఆ మాట రాలేదు.

"ఈ పొద్దు నుంచి నువ్వు నాకు అక్కవు కాదు. నా గడప తొక్కద్దు."

నేను ఆయన వెనకే ఉన్నాను. నోరు తెరవలేదు. అత్త గడ్డపార భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

కట్ట నిలిచింది. నిలిచినందువల్లే దానికి ప్రమాదం వచ్చిందని నమ్మేవాళ్లు లేకపోయారు. ఎండాకాలానికి చెరువడుగు కనబడి రెండో పంట ఎండితే ఊరంతా ఆమెనే శపించింది. అందరిలోకీ నాయన గొంతే పెద్దగా ఉండేది. ఊట వచ్చినచోట మాత్రం ఎవరూ లేనప్పుడు బంకమట్టి కూరాడు. ఆయన చనిపోయినప్పుడు అత్త రాలేదు.

ఆయన పోయి ఏడాది తిరిగాక నేనే అత్త ఊరికి వెళ్లాను. వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, ఆ పొద్దున నాయన ఊట చూశాడని.

"తెలుసు," అంది తలెత్తకుండా. "నీరుగంటి బిడ్డ చూడకుండా ఉంటాడా? వాడంటే మర్యాదకు చచ్చినాడు. సదువుకున్న దానివి, నువ్వూ చూసినావు గదా, నీకేమొచ్చింది?"

ఆ మాట అని చాటలోని గింజలు చెరగడం మొదలుపెట్టింది. ఏళ్లు గడిస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. నాకు అరవై దాటాయి, ఆ వాకిట్లో ఇంకా నిలబడే ఉన్నాను.