తిరగేసిన ఫిల్ము

ఇన్నేళ్లుగా ఒక ఫిల్ము ముక్కను దాచుకుంటూ వచ్చాను. అరచేతిలో సగం కూడా ఉండదు. అంతకు మించిన బరువు నేను మోయలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కనుక చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యం అనవచ్చా? అనకూడదని నాకూ తెలుసు.

ఏభైలు ముగుస్తున్న రోజులు. మైపాడు దగ్గర చేపలు పట్టేవాళ్ల పాలెంలో నేను బడిపంతుల్ని. ఒక పాత కెమెరా దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. అందరూ తీసే ఫోటోలు నాకు ఆనేవి కావు. మడుగులో తాటిచెట్ల నీడను తీసి, తలకిందులుగా పటం కట్టించి, ఇందులో చెట్టేది, నీడేది అని బడికొచ్చిన వాళ్లందరినీ వేధించేవాణ్ణి. రెండు ఫిల్ములు ఒకదానిమీద ఒకటి పెట్టి ఇళ్ల కప్పుల మీద పడవలు నడిపేవాణ్ణి. ఆదివారం బస్సెక్కి నెల్లూరు పోయి, తెలిసినవాళ్ల స్టూడియోలో చీకటిగది అడుక్కునేవాణ్ణి.

ఒకరోజు పొద్దు పొడిచేవేళ, ఎదురు వెలుగులో, మా పాలెం పోలయ్య పడవను ఫోటో తీశాను. ఒడ్డున ఒక గెడ పాతి ఉండేది. దానికి ఉత్తరాన మా పాలెం వాళ్లు వల వేసుకోవాలి, దక్షిణాన పక్క పాలెం వాళ్లు. నేను సరిగ్గా గెడ వెనకాలే నిలబడ్డాను. సముద్రం కేసి చూస్తే పడవ నాకు ఎడమపక్కన, అంటే ఉత్తరాన ఉంది. ఫోటోలో అన్నీ నల్లటి ఆకారాలే. గెడ, పడవ, తెడ్డు పట్టి నిలుచున్న పోలయ్య. పడవ ఎడమన ఉండేసరికి బొమ్మ ఒరిగిపోయినట్టు అనిపించింది. చీకటిగదిలో ఫిల్మును తిరగేసి అచ్చు వేశాను. పడవ కుడికి వచ్చింది, బొమ్మ నిలబడింది. నెల్లూరులో ఏదో పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది. పటం కట్టించి బడి గోడకు తగిలించాను. తిరగేశానన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఫోటో తీసిన ఆ పొద్దునే పక్క పాలెం వాళ్ల పెద్ద వల చిరిగింది. పోలయ్య గెడ దాటి వచ్చి చించాడని వాళ్లన్నారు. దాటలేదని అతనన్నాడు. రెండు నెలలైనా తగవు తెగలేదు. అప్పుడు ఎవరికో బడి గోడ మీది పటం గుర్తొచ్చింది.

రెండు పాలేల పెద్దలూ వచ్చారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తాము నేలమీద కూర్చున్నారు. పటం చేతులు మారింది. అందులో పడవ గెడకు దక్షిణాన ఉంది. ఆ పొద్దున తీసిందేనా అని అడిగారు. అవునన్నాను. అది అబద్ధం కాదు. అక్కడితో ఆగాను. ఎందుకు ఆగాను? తిరగేసిన బొమ్మకు బహుమతి కొట్టేశాడని నెల్లూరులో నవ్వుతారని భయపడ్డానా, లేక పంతులుగారి బొమ్మే సాక్షి అంటూ అంతమంది నా వైపు చూడటం నాకు తియ్యగా ఉండి, ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ తీర్పు అయిపోయేదాకా కూర్చున్నానా? రెండూ నిజమే.

పోలయ్య ఏడాదిపాటు ఆ ఒడ్డున వల ముట్టకూడదన్నారు. అతను పటాన్ని చాలాసేపు చూశాడు.

సాయంత్రం అతని భార్య కావమ్మ ఒక్కతే బడికి వచ్చింది. పటం ముందు నిలబడింది.

"అయ్యోరా, మా ఆయనది ఎడమచెయ్యి వాటం గదా. బువ్వ తినేది తప్పించి అన్నీ ఆ చేత్తోనే. ఈ బొమ్మలో తెడ్డు కుడిచేత్తో పట్టుకోనుండాడే?"

పటం వంక చూడకుండా అన్నాను.

"ఆ పూట కుడిచేత్తో పట్టుంటాడులే, కావమ్మా."

"పట్టడయ్యోరా. నేను కాపరానికొచ్చినకాడి నించి పట్టలా."

"ఎదురు వెలుగు గదా. నీకట్లా కనపడతా ఉంది."

నన్నొకసారి, పటాన్నొకసారి చూసింది. "మీరు సదువుకున్నోళ్లు. మీకు తెలవకుండా పోతాదా," అని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా వాళ్లు గూడూరు వెళ్లిపోయారు.

నాలుగేళ్ల తర్వాత అక్కడి నిమ్మకాయల మార్కెట్టులో పోలయ్య కనిపించాడు. ఎడమ భుజం మీద బస్తా. గడువు తీరి ఎన్నాళ్లో అయింది కదా, పాలేనికి ఎందుకు రాలేదని అడిగాను.

"గెడ దాటలేదనే అనుకున్నా అయ్యోరా. ఆ బొమ్మ చూసినాక నా మీద నాకే గురి పోయింది. గెడ ఏ పక్కనుండాదో తెలియనోడు నలుగుర్ని పడవలో ఏసుకోని యాడికి పోతాడు?"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. బస్సు వేళైందన్నాను. బస్సుకు ఇంకా గంట ఉంది. వద్దంటున్నా వినకుండా నా సంచిలో నాలుగు నిమ్మకాయలు వేశాడు.

పోలయ్య పోయాడని తర్వాత విన్నాను. కావమ్మ ఎక్కడుందో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. ఇవాళ ఫిల్మును సరైన పక్కకు తిప్పి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. ఆనాడు బడిలో కుర్చీలో కూర్చుని చెప్పవలసినవి రెండే మాటలు. చెబుతున్నాను.

ఆ పొద్దున పోలయ్య తెడ్డు ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. పడవ గెడకు ఉత్తరానే ఉంది.